తెలిసినాయన

మా ఊళ్ళో తండ్రెవరో తెలియని పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ తెలియని తండ్రులు మాత్రం ఊరందరికీ తెలుసు. సాయంత్రం పార్కులో ఉయ్యాలలు ఊపేది వాళ్ళే, పిల్లల ముక్కులు తుడిచేది వాళ్ళే. ఒకడికొకడు ఎదురైతే "ఏం తెలియనోడా, బీరుకొస్తావా?" అని పలకరించుకుంటారు కూడా.

సంగతేమిటంటే, మునిసిపల్ క్రెష్‌లలో చోట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. టౌన్‌హాల్ వాళ్ళు పిల్లలకు పాయింట్లు వేసి వరసలో పెడతారు. జనన పత్రంలో తండ్రి పేరు లేని పిల్లకు మూడు పాయింట్లు అదనం. నిజంగా ఒంటరిగా బిడ్డను సాకుతున్న తల్లికి ఆసరాగా పెట్టిన పాయింట్లవి. కానీ చోటే లేని చోట ఆసరా కాస్తా అర్హత అయిపోతుంది. అర్హత లేనివాళ్ళు దాన్ని తయారు చేసుకుంటారు. అలా మా డాన్యూబ్ నది ఒడ్డున, పెళ్ళాం బిడ్డల కోసం ప్రాణం పెట్టే మగవాళ్ళు కాగితం మీద మాత్రం పేరు పెట్టరు.

రూజా కూడా ఆ ఖాళీనే వదిలింది. ఆమె చెడ్డది కాదు. అందరూ చేసే తప్పు తప్పులా కనిపించదు, అంతే.

రూజా ట్రాలీబస్సు డ్రైవరు. రైల్వే స్టేషన్ నుంచి పాత నూలు మిల్లు దాకా వెళ్ళే తొమ్మిదో నంబరు ఆమెది, పదకొండేళ్ళుగా. మలుపుల్లో బస్సు పైకొమ్ములు కరెంటు తీగ నుంచి జారిపోతే దిగి, మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, వెనక తాడు లాగి మళ్ళీ తీగ మీద కూర్చోబెట్టాలి. మూడు నిమిషాల పని. లోపల జనం సణుగుతారు. "రెండో జత గ్లవ్స్ ఉన్నాయి, ఎవరొస్తారో రండి," అంటుంది రూజా. ఎవరూ రారు.

ఆమెతో కాపురం చేసే కామెన్ సరుకు పడవలో ఇంజన్ మెకానిక్. మూడు వారాలు నది మీద, మూడు వారాలు ఇంట్లో. పెళ్ళి చేసుకోలేదు. మా ఊళ్ళో సగం కాపురాలు అలాగే నడుస్తాయి, ఎవరూ బుగ్గలు నొక్కుకోరు. కూతురు కలీనా పుట్టినప్పుడు కామెన్ పడవ ఎగువన ఎక్కడో పొగమంచులో ఇరుక్కుపోయి ఉంది. జనన నమోదు కిటికీ దగ్గర అమ్మాయి "తండ్రి?" అని అడిగింది. రూజా నోరు తెరిచేలోపు పక్కనున్న కామెన్ తల్లి దోనవ్వ మోచేత్తో పొడిచింది.

"ఖాళీగా వదిలెయ్యవే. ఆ ఖాళీ బంగారం."

"ఆయన వచ్చాక ఏమంటాడో అత్తా!"

"ఏమంటాడు, వాణ్ణి కన్నది నేను. క్రెష్‌లో చోటొచ్చాక రాయించుకోవచ్చు. ఇప్పుడు తొందరేం?"

మా దగ్గర మనిషి పేరు మధ్యలో తండ్రి పేరుంటుంది. తండ్రి లేకపోతే తల్లి తండ్రి పేరు పెడతారు. రూజా నాన్న పేరు మెతోది. అలా పాపాయి కలీనా మెతోదియెవా అయింది. నది నుంచి వచ్చిన కామెన్ కాగితం చూసి పగలబడి నవ్వాడు. "ముసలాయనకి అరవై ఎనిమిదేళ్ళకి కూతురు పుట్టిందన్నమాట! మా మామగారు ఘటికుడే." నవ్వాడు కదా అని రూజా కూడా నవ్వి ఊరుకుంది.

కలీనాకు రెండేళ్ళు నిండితే రూజా సెలవు అయిపోతుంది. సెప్టెంబరు ఒకటిన స్టీరింగు ముందు కూర్చోకపోతే తొమ్మిదో నంబరు వేరేవాళ్ళకిస్తారు. దోనవ్వ బజార్లో ఊరగాయల కొట్టు నడుపుతుంది, పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది. కాబట్టి క్రెష్ తప్ప దారి లేదు. ఇంటి పక్కనున్నది కొత్తది, గోడల నిండా రంగురంగుల బొమ్మలు, కానీ ఏడున్నరకు గానీ తలుపు తియ్యరు. ఏడున్నరకు రూజా రెండో ట్రిప్పులో ఉంటుంది. ప్రైవేటు దాంట్లో నెలకు అడిగేది ఆమె జీతంలో సగం. మూడోది తొమ్మిదో నంబరు చివరి స్టాపు దగ్గర, పేరు 'పిచ్చుక'. మిల్లు నడిచిన రోజుల్లో షిఫ్టు ఆడవాళ్ళ కోసం కట్టింది. మిల్లు పోయినా పాత అలవాటు కొద్దీ ఆరింటికే తెరుస్తారు.

వేళ కుదిరింది కదా అని రూజా సంతకం పెట్టెయ్యలేదు. మే నెలలో మూడు రోజులు వరసగా కలీనాను పసిపిల్లల తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని పిచ్చుక కంచె అవతల బెంచీ మీద కూర్చుంది. పిల్లల్ని ఆవరణలోకి వదిలే వేళకు వెళ్ళి, లోపలికి తోలే వేళ దాకా చూసింది. డ్రైవరు కన్ను కదా, తలుపు దగ్గర ఎంతమంది దిగారో ఎంతమంది ఎక్కారో లెక్క దానంతటదే నడుస్తుంది. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు. లాగు తడుపుకున్నవాణ్ణి ఎవరూ నలుగురిలో నిలబెట్టలేదు. ఏడ్చేదాన్ని ఊరుకోమని గద్దించకుండా పక్కన చతికిలబడి కూర్చున్నారు.

మూడో రోజు పెద్ద సిస్టర్ కంచె దగ్గరికొచ్చింది. మా క్రెష్‌లను నడిపేది నర్సులే. ఈమె పేరు వెనెరా. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం బజారు గొంతు.

"ఏమ్మా, మూడ్రోజుల్నించి చూస్తున్నా. పిల్లల్ని ఎత్తుకుపోయేదానివా, పిల్లని ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్నేనండి. ముందు మిమ్మల్ని చూస్తున్నా."

"చూశావుగా, పాసయ్యానా?"

"మీ చెప్పులు చూశాను సిస్టర్. మడమలు అరిగిపోయున్నాయి. కూర్చునే మనిషి చెప్పులు కావవి."

వెనెరా ఒక్క క్షణం తన కాళ్ళకేసి చూసుకుని, గేటు తీసింది. లోపలంతా చూపించింది. మధ్యాహ్నం నిద్రకు వరసగా చిన్న మంచాలు, వేడి సూపు వాసన, మూలన బొమ్మల పెట్టె. మెట్ల దగ్గరికొచ్చేసరికి రూజా ఆగింది. పై అంతస్తు తలుపుకు తాళం, తాళానికి తుప్పు.

"పైనేంటండి?"

"కిందిలాంటిదే ఇంకోటి. ఎనిమిదేళ్ళయింది మూసి. పిల్లలు తగ్గారు, మరమ్మతులున్నాయి అన్నారు. పిల్లలు పెరిగారు, మరమ్మతులు మాత్రం రాలేదు. తాళంచెవి టౌన్‌హాల్లో ఉంది."

"ఎవరూ అడగలేదా?"

"ఎవరడుగుతారమ్మా? చోటొచ్చినవాళ్ళకి అక్కర్లేదు. రానివాళ్ళు పాయింట్ల వేటలో ఉంటారు."

పిచ్చుకలో ఆ ఏడు ఉన్నవి పద్దెనిమిది చోట్లు. వచ్చిన దరఖాస్తులు నూట పన్నెండు.

జాబితా పెట్టేముందు రోజు రూజా పిల్లల వంటిల్లు దగ్గర వరసలో ఉంది. మునిసిపాలిటీ వాళ్ళు పసిపిల్లలకు పప్పు పులుసులు వండి పెట్టే చోటది. పదకొండింటికి ఊళ్ళో తల్లులందరూ గిన్నెలు పట్టుకుని అక్కడే తేలతారు. ఊళ్ళో వార్తలన్నీ ముందు అక్కడే పొంగుతాయి. రూజా ముందు నెవెనా నిలబడింది. చెప్పుల ఫ్యాక్టరీలో పైతోలు కుట్టే మనిషి, కూతురు మిలా కలీనా ఈడుదే.

"మీకేంలే రూజా," అంది నెవెనా, "మీ ఆయన తెలియనివాడు. మాది తెలిసిన మొగుడు. చర్చిలో పెళ్ళి, నూటయాభై మందికి భోజనాలు. ఫొటోలు కూడా ఉన్నాయి, దాచలేను."

వెనకెవరో అందుకున్నారు. "విడాకులిచ్చెయ్యవే, సెప్టెంబరు దాకా!"

"ఇస్తే మళ్ళీ చేసుకుంటాడో లేదో! వాడికి ఆ ఒక్కసారికే చాలా ధైర్యం కావాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. రూజా కూడా నవ్వింది.

మర్నాడు జాబితాలో కలీనా మెతోదియెవా పదిహేడోది. పద్దెనిమిదో పేరు కింద గీత. గీత కింద మొదటి పేరు మిలాది. నెవెనా పక్కనే నిలబడి ఉంది. "మంచిదే," అంది రూజాతో, "నీకొచ్చింది కదా." అని గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కామెన్ తినడానికి తీపి మిరపకాయలు కాల్చాడు, దోనవ్వ జున్నురొట్టె చేసింది, ఇంట్లో పండగ. రూజాకు మాత్రం రొట్టెలో ఇసుక తగిలినట్టుగా ఉంది. దోనవ్వ చేతి రొట్టెలో ఇసుకేంటి, గీత కింద పేరది.

సెప్టెంబరులో కలీనా నాలుగు రోజులు ఏడ్చింది, అయిదో రోజు మానేసింది. రూజా తన బస్సెక్కింది. సాయంత్రం షిఫ్టు ఉన్నప్పుడు కామెన్ వెళ్ళి పిల్లను తేవాలి. పిల్లను ఎవరికి అప్పగించవచ్చో రాసే రిజిస్టరుంది. రూజా 'కామెన్' అని రాసి, పక్క గడి దగ్గర ఆగింది. పిల్లకు ఏమవుతాడు అన్న గడి అది.

"తండ్రి అని రాస్తే?" అంది.

వెనెరా కలం మీద చెయ్యేసింది. "రాస్తే నీ ఫైలు మళ్ళీ టౌన్‌హాల్‌కి పోతుంది. తెలిసినాయన అని రాయి. అందరూ అదే రాస్తారు."

రూజా పై వరసలు చూసింది. తెలిసినాయన. తెలిసినాయన. తెలిసినాయన. తెలియని తండ్రులందరూ ఈ పుస్తకంలో తెలిసినవాళ్ళయ్యారు. తను కూడా రాసింది. ఇంట్లో చెప్తే కామెన్ ఈసారి అంత గట్టిగా నవ్వలేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం కామెన్ కలీనాకు బూట్లు తొడుగుతున్నాడు. ఒక కాలికి తొడిగాడు. రెండోది తొడిగేలోపు పిల్ల తప్పించుకుని పరుగు తీసింది, తడి గచ్చు మీద జారింది, బెంచీ అంచు కనుబొమ మీద తగిలింది. ముఖమంతా రక్తం. వెనెరా గుడ్డ అదిమిపెట్టి టాక్సీ ఎక్కించింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు గాయం కడిగి, రక్తం ఆపి, "రెండు కుట్లు పడాలి. కదలకుండా మత్తివ్వాలి. సంతకం పెట్టండి. మీరెవరు?" అన్నాడు.

"నాన్నని."

డాక్టరు పిల్ల కార్డు తిరగేశాడు. తండ్రి అన్నచోట అడ్డగీత.

"తల్లి రావాలండి."

"ఆవిడ బస్సు నడుపుతోందండి. బండి మీదుండగా ఫోనెత్తదు. నేను నాన్ననయ్యా, పిల్లని చూడు, నా ముక్కే!"

"ముక్కు మీద సంతకం తీసుకోలేను కదండి. నాకేమన్నా పంతమా? రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగం పోతుంది. బయట కూర్చోండి."

డాక్టరు తప్పు కాదది. కాగితం ఏం చెప్పిందో ఆయన అదే చేశాడు. తలుపు మూశారు. లోపలి నుంచి కలీనా "నాన్నా, నాన్నా" అని ఏడుపు. బయట నాన్న. మధ్యలో పాలరంగు గాజు తలుపు. గంటా పది నిమిషాలు.

రూజా చివరి స్టాపులో ఫోను చూసుకుంది. పద్నాలుగు కాల్స్. బండి ఇంకొకరికి అప్పజెప్పి యూనిఫారంతోనే పరుగెత్తుకొచ్చింది. కామెన్ వరండాలో బెంచీ మీద ఒక చిన్న బూటు చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నది మీద పద్దెనిమిదేళ్ళు ఇంజన్లతో కుస్తీ పట్టిన మనిషి. నర్సు తలుపు తీసింది.

"తల్లి మీరేనా? హమ్మయ్య. ఈయన మీకు తెలిసినాయనేనా?"

రూజా లోపలికెళ్ళి సంతకం పెట్టింది. రెండు కుట్లు వెయ్యడానికి ఆరు నిమిషాలు పట్టింది.

బయటికొచ్చాక, ఆసుపత్రి గేటు దగ్గరే అంది. "రేపు టౌన్‌హాల్ ఎనిమిదింటికి తీస్తారు."

"ఎందుకు?"

"నీ పేరు రాయించడానికి."

కలీనా అతని భుజం మీద నిద్రపోతోంది. కామెన్ గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, చోటు పోతుంది. నీ తొమ్మిదో నంబరు పోతుంది. నాకేం కాలేదులే. ఇంకో ఏడాదే కదా."

"ఆ ఏడాదిలో మూడొందల అరవై అయిదు రోజులున్నాయి. దాని అరుపు వింటూ నువ్వు మళ్ళీ అక్కడ కూర్చుంటావా?"

కామెన్ పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

పొద్దున్నే దోనవ్వ దిగింది. కొట్టు కూడా తియ్యకుండా వచ్చింది.

"నీకు మతిపోయిందా? ఊరంతా చేసేదే కదా మనం చేసింది!"

"ఊరంతా చేస్తోంది కాబట్టే ఊళ్ళో చోట్లు ఎన్ని తక్కువో ఎవరికీ తెలియట్లేదత్తా. పద్దెనిమిది చోట్లకోసం మనం మన మగాళ్ళని దాచుకుంటున్నాం. టౌన్‌హాల్ వాళ్ళు పై అంతస్తుకి తాళం వేసుకుని హాయిగా ఉన్నారు."

"ఉపన్యాసాలు కడుపు నింపవు."

"నీ కొడుకుని నువ్వే తెలియనోడంటే నీకెలా ఉంటుంది?"

దోనవ్వ కొట్టుకు పోదామని చేతిసంచి అందుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఉతికిన చొక్కా వేసుకెళ్ళమను వాణ్ణి," అంది.

నమోదు కిటికీ దగ్గర కామెన్ సంతకం పెట్టాడు, రూజా ఒప్పుకోలు సంతకం పెట్టింది. కొత్త పత్రం అచ్చయి వచ్చింది. కలీనా కామెనొవా. అతను పైకి చదివాడు, మళ్ళీ చదివాడు.

"తప్పుందాండి?" అంది కిటికీలో అమ్మాయి.

"లేదమ్మా. బాగుంది."

ఆ కాగితం పట్టుకుని రూజా నేరుగా పిచ్చుకకు వెళ్ళింది. వెనెరా చూసి, తల పక్కకు తిప్పుకుంది. "నాకు చూపించకు. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయా."

"మీ ముక్కు మీదే ఉన్నాయి సిస్టర్."

"ఎందుకే నీకింత? కాగితం సంచిలో పెట్టుకో. ఆసుపత్రికి పనికొస్తుంది, అక్కడ చూపించుకో. ఇక్కడ నేను చూళ్ళేదు, నువ్వు తేలేదు."

"మిలా సంగతేంటి?"

"ఎవరు మిలా?"

"గీత కింద మొదటి పేరు. నెవెనా దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్తోంది. జిగురు వాసనలో, మిషను కింద కూర్చోబెట్టి కుడుతోంది. నా పిల్ల పడుకునే మంచం దానిది సిస్టర్."

వెనెరా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని కాగితం తీసుకుంది. "మంచి పిల్లనే పోగొట్టుకుంటున్నా," అంది. అది కలీనాను ఉద్దేశించి అన్నదో కాదో చెప్పలేం.

పది రోజుల్లో పాయింట్లు తిరిగి వేశారు. కలీనా గీత దాటి కిందికి, పదమూడు పేర్ల వెనక్కి వెళ్ళింది. మిలా పైకొచ్చింది. డిపో పెద్దమనిషి రూజాకు జీతం లేని సెలవిచ్చి, "జనవరి రెండు దాకా ఆగుతా. అప్పటికి రాకపోతే నీ ఉద్యోగం లేదు. తొమ్మిదో నంబరు మాత్రం ఇప్పుడే ఇచ్చేస్తున్నా," అన్నాడు.

నిజం చెప్పినందుకు ఊరు మెచ్చుకుంటుందనుకుంటే పొరపాటు. పిల్లల వంటిల్లు వరసలో ఆమెను చూడగానే సూటిపోటి మాటలు మొదలయ్యాయి.

"వచ్చిందమ్మా నిజాయితీ! పక్కకి జరగండి, మైలపడుతుంది."

"నీ కాగితం నువ్వు కడుక్కున్నావ్, ఇప్పుడు మా అందరివీ తవ్వుతారు."

రూజా గిన్నె కింద పెట్టింది. "నేనెవ్వరి పేరూ చెప్పలేదు. చెప్పను కూడా. మీ పాయింట్లు నాకొద్దు. ఆ మూడు పాయింట్లు మన చేతుల్లో పెట్టి మనల్ని మనమీదకే ఉసిగొల్పారు, మనం కొట్టుకుంటున్నాం. నాకు కావాల్సింది పై అంతస్తు తాళంచెవి. ఎవరైనా వస్తే రండి, రాకపోతే నేనొక్కదాన్నే పోతా."

ఎవరూ కదల్లేదు.

మా టౌన్‌హాల్లో ఉపమేయరు గురువారం పది నుంచి పన్నెండు దాకా జనాన్ని కలుస్తాడు. ఎవరైనా ముందుగా పేరు రాయించుకుని వెళ్ళొచ్చు. కామెన్ నది మీదికి వెళ్ళిపోయాడు. రూజా కలీనాను చంకనేసుకుని వెళ్ళింది.

"పిల్లతో ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు ఉపమేయరు.

"వదలడానికి చోటు లేకనే వచ్చానండి."

ఆయన మంచిగానే మాట్లాడాడు. పైన పైపులు పాడయ్యాయన్నాడు, నర్సులు దొరకరన్నాడు. "అయినా మీలా అందరూ నిజం చెప్తే ఏమవుతుంది? అందరికీ పాయింట్లు సమానమవుతాయి. అప్పుడు చీట్లు తియ్యాలి. ఏం లాభం?"

"అప్పుడైనా ఎంతమందికి చోటు లేదో తెలుస్తుందండి. పైపులకి ఏం కావాలో, ఎప్పుడు చేస్తారో కాగితం మీద రాసివ్వండి."

"దానికి ఒక దరఖాస్తు..."

ఆమె అక్కడే కూర్చుని దరఖాస్తు రాసింది. ఈలోపు కలీనా ఉపమేయరు బల్ల మీది క్లిప్పులన్నీ కింద పోసి, వరసగా పేర్చి, ఎదురుగా కూర్చుని "ఎక్కండి, ఎక్కండి" అని బస్సు నడిపింది.

రెండో గురువారం మళ్ళీ వెళ్ళింది. జవాబు రాలేదన్నారు. మూడో గురువారం వెళ్ళేసరికి సెక్రటరీ రంగు పెన్సిళ్ళు తెచ్చిపెట్టి ఉంది, క్లిప్పులు దాచేసింది. ఆ రోజు రూజా చేతిలో ఇంకో కాగితం కూడా ఉంది. దానిమీద వెనెరా రాసిచ్చిన రెండు పేర్లున్నాయి. రిటైరైన నర్సులు, ఇంట్లో కూర్చోలేక గోళ్ళు గిల్లుకుంటున్నవాళ్ళు, పిలిస్తే రేపే వస్తామన్నవాళ్ళు. "దొరకరన్నారు కదండి, దొరికారు," అంది రూజా.

నాలుగో గురువారం వరండాలో నెవెనా నిలబడి ఉంది, ఫ్యాక్టరీ ఏప్రను మీదే, చేతులకు జిగురు.

"నీకెందుకు, మీ మిలాకి వచ్చిందిగా?" అంది రూజా.

"వచ్చింది కాబట్టే. గీత కింద ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు?" అంది నెవెనా. "ఒక్కదాన్నే రాలేదులే, మెట్లవైపు చూడు."

మెట్ల మీద ఏడు తోపుడు బండ్లు ఎక్కుతున్నాయి. నాలుగింటిని ఆడవాళ్ళు మోస్తున్నారు, మూడింటిని మగవాళ్ళు. ఆ ముగ్గురూ పార్కులో ఉయ్యాలలూపేవాళ్ళే. సెక్రటరీ పేర్ల పుస్తకం ముందుకు తోసి, "పిల్లకి ఏమవుతారు?" అని అడిగింది. మొదటివాడు పెళ్ళాం మొహం చూశాడు. ఆమె తల దించుకుంది. అతను పెన్ను తిరిగిచ్చేశాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు, కూరగాయల లారీ నడిపేవాడు, "ఎన్నాళ్ళిలా," అని తనలో తను అనుకుని 'తండ్రి' అని రాశాడు. పక్కనున్న అతని భార్య రాయొద్దని అనలేదు.

ముగ్గురిలో ఒక్కడే. దాన్ని తిరుగుబాటు అని రాయను. కానీ ఏడు బండ్లు వరండాలో నిలబడితే ఉపమేయరుకు బయటికెళ్ళే దారి లేదు. పన్నెండింటికి ఆయన, తాళంచెవి పట్టుకున్న గుమాస్తా, వాళ్ళ వెనక బండ్లు, అందరూ ట్రాలీబస్సెక్కి పిచ్చుకకు వెళ్ళారు. తాళం తుప్పుకు రాలేదు, పగలగొట్టారు. లోపల మంచాలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. కుళాయిలు ఊడి ఉన్నాయి, ఒక మూల తడి. వెనెరా చుట్టూ చూసి, "ఇదేనా ఎనిమిదేళ్ళ మరమ్మతు? మా ఇంట్లో బాత్రూము ఇంతకంటే అన్యాయంగా ఉంటుంది," అంది. నెవెనా మంచాలు లెక్కపెట్టింది. పదహారు. రూజా ఉపమేయరు వైపు తిరిగింది.

"తేదీ చెప్పండి."

"జనవరిలో..."

"జనవరికి ముప్పై ఒక్క రోజులుంటాయండి. నాకు డిపో వాళ్ళు రెండో తేదీ ఇచ్చారు. మీరూ రెండో తేదీ ఇవ్వండి."

అక్కడే, మంచాల మీద కాగితం పెట్టుకుని, సీలు లేకపోయినా సంతకంతో తీసుకుంది. పైపులవాళ్ళు నవంబరులో వచ్చారు. మధ్యలో రెండుసార్లు మాయమయ్యారు. రెండుసార్లూ గురువారం వచ్చింది, రూజా వెళ్ళింది, వాళ్ళు మళ్ళీ కనిపించారు.

పై అంతస్తు జాబితాలో కలీనా కామెనొవా పద్నాలుగోది. అదనపు పాయింట్లు లేకుండానే. చోట్లు పదహారు పెరిగితే అబద్ధానికి విలువ ఆ మేరకు తగ్గింది, అంతే లెక్క. గీత కింద ఇంకా డెబ్భై పైచిలుకు పేర్లున్నాయి. ఆ సంగతి కూడా రాయకపోతే ఇది కట్టుకథ అవుతుంది.

జనవరి రెండున తెల్లవారి ఆరింటికి కామెన్ కూతుర్ని పై అంతస్తుకు ఎక్కించాడు. రూజాకు డిపోలో నాలుగో నంబరిచ్చారు. గుట్ట మీదికెళ్ళే రూటు, ముసలి బండి, ప్రతి మలుపుకూ కొమ్ములు జారతాయి. ఆ వారం చలికి చేతులు పగిలాయి. గురువారం ఆమెకు వారపు సెలవు.

పదింటికి టౌన్‌హాల్లో తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి సెక్రటరీ ఆశ్చర్యపోయింది.

"నీ పనైపోయిందిగా రూజా! మళ్ళీ ఎందుకొచ్చావ్? పిల్లేది?"

"పిల్ల క్రెష్‌లో ఉంది. వచ్చే సెప్టెంబరుకి అక్కడి పిల్లలందరికీ మూడేళ్ళు నిండుతాయి. కింద పద్దెనిమిది, పైన పదహారు, మొత్తం ముప్పై నాలుగు మంది మూడేళ్ళు దాటినవాళ్ళ బడికెళ్ళాలి. అక్కడ చోట్లెన్ని?"

సెక్రటరీ ఇంకో పుస్తకం తీసి, వేలుతో గడులు వెతికి, తలెత్తింది.

"ఇరవై రెండు."

"పేరు రాసుకో," అంది రూజా, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.